తొమ్మిది పిన్నుల కేబులు

పెళ్ళయిన నలభై రెండో రోజున కోడలు ఆ ఇంట్లో తన మొదటి ఘనకార్యం చేసింది. మామగారి పాత కంప్యూటర్ని దుకాణానికి ఇచ్చేసి, దాని బదులు కొత్తది తెచ్చింది.

తెచ్చిందంటే ఒక్కతే కాదు. భర్త అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రి నుంచి పసిపాపను తెస్తున్నంత జాగ్రత్తగా టాక్సీలో కూచున్నాడు. ఇంటికొచ్చాక తెర మీది పల్చటి పొర ఎవరు ఒలవాలన్న దానిమీద మొగుడూపెళ్ళాలు కాసేపు వాదులాడుకుని, చివరికి చెరో మూలా పట్టుకుని లాగారు. జర్రుమని అది ఊడొచ్చిన చప్పుడుకు ఇద్దరికీ ఎంత నవ్వొచ్చిందో! పెళ్ళయిన కొత్తలో నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు కదా.

మామగారు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, అట్టపెట్టె మూత అందుకుని, దాన్ని తిరగేసి చూశారు.

అది ఆయన అలవాటు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని ఎంబ్రాయిడరీ. వీధివైపు గదిలో కిటికీ పక్కన ఆయన మిషను ఉంటుంది. బళ్ళకి, క్లబ్బులకి, ఆస్పత్రులకి, ఎవరికి ఏ బ్యాడ్జి కావాలన్నా, యూనిఫారం జేబు మీద ఏ గుర్తు కావాలన్నా ఆయనే కుట్టిపెడతారు. కుట్టుపని మంచీచెడూ వెనకవైపే తెలుస్తుందని ఆయన నమ్మకం. ముందువైపు ఎవడైనా అందంగా కుడతాడు. వెనక దారాలు ఎలా దాక్కున్నాయో చూస్తేనే పనివాడి గుట్టు బయటపడుతుంది. ఆ చూసే అలవాటు బట్టతో ఆగలేదు. కప్పు కొంటే అడుగు చూస్తారు. కుర్చీ కొంటే బోర్లించి చూస్తారు. మొదటిసారి కోడలి పుట్టింటికి వెళ్ళిన రోజున అందరూ ఆ పిల్లను చూస్తుంటే ఆయన సోఫా మీది దిండు గలీబు తిప్పి చూశారట. ఇంటికెళ్ళాక, "కుట్టింది ఆ అమ్మాయేనట. వెనక శుభ్రంగా ఉందిరా" అన్నారట కొడుకుతో. భర్త ఈ సంగతి చెప్పినప్పుడు కోడలు సిగ్గుపడి, తర్వాత రెండు రోజులు ఆ గలీబునే తలచుకుని మురిసిపోయింది.

అలాంటి మామగారికి ఏదైనా చెయ్యాలని ఆ పిల్ల ఆరాటం. డిగ్రీలో చదివింది కంప్యూటర్లే. ఆయన పాత కంప్యూటరు చూస్తే జాలేసేది. మీట నొక్కి, స్నానం చేసి, టీ తాగి వచ్చేసరికి తెరుచుకునేది. లోపల పంకా పిండిమరలా మోగేది. "పనిచేస్తోందిగా తల్లీ, ఇప్పుడెందుకు?" అని ఆయన ఒక్కసారి అన్నారు. కోడలి మొహంలో ఉత్సాహం చూసి రెండోసారి అనలేదు. పాతదాన్ని ఇచ్చేముందు అందులో ఆయన దాచుకున్న నాలుగువందల పదమూడు డిజైన్లనూ ఒక్కటి పోకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. రెండుసార్లు లెక్కపెట్టుకుంది కూడా.

మంగళవారం సాయంత్రం ఆ డిజైన్లన్నిటినీ కొత్తదాంట్లోకి దించి, మొదటిదాన్ని తెరిచింది. తెరుచుకోలేదు. రెండోదీ అంతే. అప్పుడు నాలుక కరుచుకుంది. డిజైన్లు తెచ్చింది సరే, వాటిని చదివే ప్రోగ్రాము పాత కంప్యూటర్తోనే పోయింది.

"డిస్కు ఉంది తల్లీ" అని మామగారు బీరువాలోంచి తీశారు. ప్రోగ్రాము డిస్కు ఒకటి, పాత కంప్యూటరు సిస్టమ్ డిస్కు ఒకటి. రెండిటికీ ఆయనే కుట్టిన గుడ్డ తొడుగులు. ఆ తొడుగులు చూసి కోడలికి ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే కొత్త కంప్యూటరుకు డిస్కు పెట్టే చోటే లేదు. అది చాలదన్నట్టు మామగారు మిషను కేబులు అందించారు. వేలెడంత వెడల్పున్న మూతి, అందులో తొమ్మిది కన్నాలు. పైన ఐదు, కింద నాలుగు. కొత్త కంప్యూటరు వెనక చూస్తే చిన్నవీ పెద్దవీ, నల్లవీ నీలంవీ ఎన్నో సాకెట్లున్నాయి. ఆ మూతి పట్టేది ఒక్కటీ లేదు.

"ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు" అన్నాడు భర్త వంగి చూస్తూ.

కోడలు నవ్వలేదు. దుకాణానికి ఫోన్ చేసింది. పాతది అప్పుడే తుక్కు లారీ ఎక్కి వెళ్ళిపోయిందన్నారు.

బుధవారం పొద్దున్నే అగ్నిమాపక కేంద్రం ఆఫీసరు నుంచి మామగారికి ఫోను వచ్చింది. గొంతు ఎంత పెద్దదంటే పక్కగదిలో ఉన్న కోడలికీ వినిపించింది.

"పెద్దాయనా! శనివారం పొద్దున కొత్త కుర్రాళ్ళ ప్రమాణస్వీకారం. నలభై రెండు బ్యాడ్జీలు. గుర్తుందిగా? పాతవాళ్ళ భుజం మీద ఉన్నదే, అచ్చం అదే ఉండాలి. మంట, నిచ్చెన. ఎంతవరకు వచ్చింది?"

"శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు మామగారు, అప్పటికే సగం కుట్టేసిన మనిషిలా.

కోడలు వీధిగదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఆ మంట, నిచ్చెన డిజైను పద్ధెనిమిదేళ్ళ కింద ఆయన గీసింది. అది తెరుచుకోని నాలుగువందల పదమూడిట్లోనే ఉంది. తెరుచుకున్నా మిషనుకు చేరే దారి లేదు. ముప్ఫై ఏళ్ళలో ఈయన చెప్పిన రోజు తప్పింది లేదని వీధిలో అందరూ అంటారు. ఆ మాట ఇప్పుడు కొత్తకోడలు తెచ్చిన పెట్టె మూలంగా తప్పితే?

"మామయ్యా, ఎందుకలా చెప్పారు? అవుతుందో లేదో నాకే తెలీదు" అంది దాదాపు ఏడుపు గొంతుతో.

"నీకు తెలీదని నాకు తెలుసమ్మా" అన్నారాయన సూదిలో దారం ఎక్కిస్తూ. "శుక్రవారం లోపల తెలుసుకుంటావని కూడా తెలుసు. ఆ కత్తెర ఇలా ఇయ్యి."

కోపగించుకుని ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. ఇంత నమ్మకం మొయ్యడం తిట్లు తినడం కంటే కష్టం.

డిస్కులు పట్టుకుని వీధి చివర రిపేరు దుకాణానికి పరిగెత్తింది. ఆ దుకాణదారును ఊళ్ళో అందరూ 'రేపురండి' అంటారు. ఎవరేం తెచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే మరి.

"డిస్కులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలా? రేపు రండి."

"ఇక్కడే కూచుంటానండీ. రేపు వచ్చేదాకా" అంది కోడలు, అక్కడున్న స్టూలు లాక్కుని.

రేపురండి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఎవరమ్మాయివి నువ్వు?"

"బ్యాడ్జీలు కుట్టే ఆయన కోడల్ని."

"అట్లా చెప్పు! ఆయన మొండితనం కోడలికి కూడా అంటిందన్నమాట" అని గొణుక్కుంటూ అరగంటలో పని చేసిచ్చాడు. దుకాణం పుట్టాక ఇంత తొందరగా ఏదీ అవలేదని పక్క దుకాణం వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఇంటికొచ్చి ప్రోగ్రాము ఎక్కించబోతే కొత్త కంప్యూటరు ససేమిరా అంది. ఇది నా కాలంది కాదు, నేను ముట్టుకోనంది. పాత పద్ధతిలో నడుపు అని బతిమాలే మీట ఒకటుంటుంది. అదీ నొక్కి చూసింది. లాభం లేదు. అప్పుడు కాలేజీలో ఎప్పుడో చేసిన ఒక ప్రయోగం గుర్తొచ్చింది. కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటర్ని సృష్టించవచ్చు. ఇనుముతో కాదు, ఒట్టి ప్రోగ్రాముతో. దానికి పాత సిస్టమ్ ఎక్కిస్తే తను పాత కాలంలోనే ఉన్నానని అది నమ్ముతుంది.

మధ్యాహ్నం మూడింటికి కొత్త తెర మీద ఒక చిన్న కిటికీలో పాత కంప్యూటరు కళ్ళు తెరిచింది. అదే నీలం రంగు, అవే బొద్దు అక్షరాలు. అందులో ప్రోగ్రాము పల్లెత్తు మాట అనకుండా ఎక్కింది. మంట, నిచ్చెన తెర మీద ప్రత్యక్షమయ్యాయి.

మామగారు కుర్చీ లాక్కుని కూచుని, తెరకేసి చాలాసేపు చూశారు. "అయితే నా పాతది పోలేదన్నమాట. దీని కడుపులో ఉంది."

"అవును మామయ్యా. కానీ ఈసారి స్నానం చేసి రానక్కర్లేదు, వెంటనే తెరుచుకుంటుంది."

ఆయన కళ్ళు చిన్నవి చేసి నవ్వారు. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు కంప్యూటర్లను లోపల పుట్టించినా పరవాలేదనిపించింది ఆ పిల్లకి.

ఇక మిగిలింది కేబులు. సాయంత్రం రేపురండి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఒకవైపు తొమ్మిది పిన్నులు, రెండోవైపు కొత్త సాకెట్లో దూరే మూతి ఉన్న ఒక ముక్క తెచ్చింది. గురువారం పొద్దున దాన్ని మధ్యలో పెట్టి డిజైను పంపింది. మిషను టకటకమని మొదలైంది. మంట ఎర్రగా, అందంగా వచ్చింది. నిచ్చెన రెండు మెట్లు వచ్చాయి. మూడో మెట్టు దగ్గర సూదికి పిచ్చెక్కింది. అడ్డంగా పరిగెత్తి గుడ్డ మూలకు పోయి, అక్కడ ఒక్కచోటే పొడిచి పొడిచి ఇంత దారపుండ చేసింది.

"ఈ నిచ్చెన ఎక్కితే మంటలార్పేవాడు పక్కింట్లో దిగుతాడు" అన్నాడు భర్త. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని ఉద్యోగం. గురువారం సెలవు.

మూడుసార్లు పంపింది. మూడుసార్లూ మూడు వేరు వేరు చోట్ల తప్పింది. కోడలు తల పట్టుకుని ఆలోచించి, చివరికి కారణం కనిపెట్టింది. మిషనుకు జ్ఞాపకం తక్కువ. కాసిని కుట్లు తీసుకుని, 'ఆగు, ఇవి అయ్యాక తర్వాతవి పంపు' అంటుంది. పాత కంప్యూటరు ఆ మాట నేరుగా విని ఆగేది. మధ్యలో పెట్టిన ఈ ముక్క ఆ మాటను సమయానికి చేరవెయ్యడం లేదు.

"మధ్యవర్తులతో ఎప్పుడూ అంతే" అన్నాడు భర్త. "మనకి మధ్యలో ఎవరూ లేరు కాబట్టే పెళ్ళి కుదిరింది."

"మీ జోకులు తర్వాతండీ! రేపు సాయంత్రానికి నలభై రెండు. ఒక్కోదానికి పది నిమిషాలైనా ఏడు గంటలు. అంటే ఇవాళే ఏదో ఒకటి తేలాలి."

మామగారు అప్పటిదాకా పాడైన గుడ్డ ముక్కల్ని తిరగేసి చూస్తున్నారు. వాటిని పక్కన పెట్టి, "అమ్మాయ్, దాన్ని వెనక్కి తిప్పు" అన్నారు.

"చూశాం కదా మామయ్యా. వెనక అలాంటి సాకెట్టు లేదు."

"అది వెనక కాదమ్మా. కోటుకు లైనింగు వేశాక లోపలివైపు కనపడేది వెనకా? అది ఇంకో ముందు. అసలు వెనక లైనింగు కింద ఉంటుంది. విప్పండి."

కోడలు బిక్కమొహం వేసింది. నిజం చెప్పాలంటే, మూడేళ్ళు కంప్యూటర్లు చదివింది కానీ ఒక్కసారైనా పెట్టె విప్పి చూడలేదు. కొత్తది, రెండు రోజులు కూడా కాలేదు. భర్త మాత్రం లోపలికి పరిగెత్తి, కళ్ళజోళ్ళ స్క్రూలు బిగించే తన బుల్లి స్క్రూడ్రైవర్ల పెట్టె తెచ్చి, శస్త్రచికిత్స చేసే డాక్టరులా తుండుగుడ్డ మీద పరిచాడు. ఏడు స్క్రూడ్రైవర్లలో ఏదీ సరిపోలేదు. మామగారు వేళ్ళతో తిప్పితే స్క్రూలు వాటంతటవే వచ్చేశాయి.

"పెద్ద తయారయ్యారు, ఒక్కటీ పనికిరాలేదు!" అంది కోడలు భర్తతో. అన్న మరుక్షణం, వరుసగా పేర్చిన ఆ బుల్లి స్క్రూడ్రైవర్లను చూసి ఆమె మనసు కరిగిపోయింది. ఇంత శుభ్రంగా పనిముట్లు దాచుకునే మనిషి తన మొగుడు!

పక్క రేకు తీశారు. ఆకుపచ్చ పలక మీద వీధులూ కూడళ్ళూ ఉన్న పట్నంలా ఉంది లోపల. మామగారు భూతద్దం తెచ్చుకుని, బట్ట మీద కుట్లు లెక్కపెట్టినట్టే, ఒక మూల నుంచి మొదలుపెట్టి గుంపు తర్వాత గుంపుగా పిన్నులు లెక్కపెట్టసాగారు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. తొందర లేదు, విసుగు లేదు. పనిచేసే మనిషిని అంత దగ్గరగా చూడటం కోడలికి అదే మొదటిసారి. ఎదురుగా ఉన్నది తనకేమీ తెలియని వస్తువైనా, దాని ముందు కూచునే పద్ధతి మాత్రం ఆయనకు తెలుసు.

పావుగంట తర్వాత ఆయన వేలు ఆగింది. "ఇక్కడ. ఒక వరుస ఐదు, ఒక వరుస నాలుగు. తొమ్మిది. మీద ఏమీ లేదు, ఖాళీ." కేబులు మూతి పక్కన పెట్టి చూపించారు. పైన ఐదు, కింద నాలుగు.

కోడలు వంగి చూసి, ఆయన వేలు పట్టుకుని ఆపింది. "మామయ్యా, ముట్టుకోకండి! అదిగో, అవతల ఇంకో రెండు గుంపుల్లో కూడా తొమ్మిదే ఉన్నాయి. ఐదూ, నాలుగూ. చూడ్డానికి కవలలు. తప్పుదానికి పెడితే మిషను కాలిపోవచ్చు."

"ఆఁ!" ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అయితే చెప్పు, మనది ఏది?"

పెట్టెతో వచ్చిన పుస్తకం ఎవరూ చదవరు. కోడలూ చదవలేదు. ఇప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకుని మొదటి పేజీ నుంచి చదివింది. ముప్ఫై ఒకటో పేజీలో పలక బొమ్మ ఉంది. ఆ కవలల్లో రెండు కొత్త సాకెట్లకు. మూడోది, అంచున ఒంటరిగా ఉన్నది, పాత రకం పోర్టుకు. తయారుచేసినవాళ్ళు పాతవాళ్ళను పూర్తిగా మరిచిపోలేదు. పిన్నులు ఉంచారు, బయటికి తలుపు పెట్టలేదు, అంతే. పలక మీద ఆవగింజంత అక్షరాలు పుస్తకంలో ఉన్నవేనని భూతద్దంతో ముగ్గురూ వంతులవారీగా చూశారు. మామగారు వేలు పెట్టిన గుంపు అదే.

"అయితే తలుపొకటి పెట్టాలి" అన్నారు మామగారు.

రేపురండి దుకాణంలో కోడలు ఈసారి నోరు తెరవకముందే ఆయన స్టూలు జరిపాడు. తనకు కావలసింది చెప్పింది. ఒక చివర తొమ్మిది పిన్నులను పట్టే మూతి, మధ్యలో పట్టీలాంటి వైరు, రెండో చివర పెట్టె వెనక బిగించే రేకు. రేపురండి పాత సామాను పెట్టెను గుమ్మరించి, దుమ్ము దులిపి ఒకటి తీశాడు.

"పదేళ్ళుగా ఉందిది. ఎవరూ అడగలేదు. ఎందుకు పారెయ్యలేదో నాకే తెలీదు" అన్నాడు. తర్వాత దాన్ని చేతికిస్తూ, "ఆ పిన్నులు ఉన్నాయని ఎవరు కనిపెట్టారు? కంప్యూటర్లు అమ్మేవాళ్ళే చూడరే!"

"మా మామగారు" అంది కోడలు. అంత గర్వంగా ఆ మాట అనడం తన చెవులకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం ఐదింటికి మూతి పెట్టింది. రేకును బిగించడానికి చివరికి భర్త బుల్లి స్క్రూడ్రైవరే పనికొచ్చింది. అతను గెలిచిన రాజులా చుట్టూ చూశాడు. కడుపులోని పాత కంప్యూటరుకు ఈ కొత్త తలుపు చూపించి, కోడలు డిజైను పంపింది.

మంట వచ్చింది. ఒక మెట్టు. రెండు. మూడో మెట్టు దగ్గర మిషను టక్కున ఆగింది.

ముగ్గురి ఊపిరీ దాంతోపాటే ఆగింది. మామగారు ఎవరూ కదలొద్దన్నట్టు చెయ్యెత్తారు. "ఆగు అంటోంది. అడుగుతోంది. వినండి."

టకటకటక. నాలుగో మెట్టు. ఐదో మెట్టు. నిచ్చెన మంటను దాటి పైకి పోయింది. చుట్టూ పసుపు అంచు వచ్చింది. సూది తనంతట తనే పైకి లేచి నిలబడింది.

మామగారు ఫ్రేము విప్పి, గుడ్డ తీసి, ముందువైపు చూడనే చూడకుండా తిరగేశారు. కిటికీ వెలుతురుకు పట్టి, బొటనవేలితో నిమిరారు. కోడలు పరీక్ష ఫలితాల రోజున కూడా అంత భయపడలేదు.

"వెనక శుభ్రంగా ఉంది" అన్నారాయన.

భర్త ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆయన నోటి వెంట అంతకంటే పెద్ద మెప్పు రాదని ఆ తండ్రీకొడుకులిద్దరికీ తెలుసు. ఇప్పుడు మూడో మనిషికీ తెలిసింది.

శుక్రవారమంతా వీధిగది టకటకలాడింది. కోడలు ఫ్రేములు బిగించింది, మామగారు దారాలు కత్తిరించారు. సాయంత్రం అగ్నిమాపక ఆఫీసరు వచ్చి, ఒక కొత్త బ్యాడ్జిని తన భుజం మీది పాతదాని పక్కన పెట్టి అద్దంలో చూసుకున్నాడు.

"అచ్చం అదే! పాతది రంగు వెలిసింది తప్ప తేడా లేదు. ఏం కష్టం కాలేదుగా పెద్దాయనా?"

"కష్టమేముంది? ఇంట్లో కోడలుంది" అన్నారు మామగారు కాగితం పొట్లం కడుతూ.

పది రోజుల తర్వాత కోడలు కంప్యూటరు దుమ్ము తుడుస్తోంది. డిజైన్ల జాబితా పుస్తకం పక్కనే తెరిచి ఉంది. నాలుగువందల పదమూడు దగ్గర ఆగిన ఆ జాబితాలో కొత్త వరుస ఒకటి కనిపించింది. నాలుగువందల పద్నాలుగు: 'కోడలిది'. అంతే ఉంది. తెర మీద వెతికితే ఏమీ అర్థం కాలేదు. కొన్ని చుక్కలు, వాటి చుట్టూ అంచు.

మామగారి అలవాటు ఎప్పుడు అంటిందో గానీ, ఆ పిల్ల చెయ్యి తనంతట తనే పెట్టెను వెనక్కి తిప్పింది.

కేబులు దూరే కొత్త తలుపు పైన, తపాలాబిళ్ళంత గుడ్డ ముక్క. నీలం గుడ్డ మీద తెల్లదారంతో తొమ్మిది చుక్కలు. పైన ఐదు, కింద నాలుగు. చుట్టూ సన్నటి ఎర్ర అంచు. దాన్ని పైఅంచున మాత్రమే జిగురుతో అంటించారు. మిగతా మూడు వైపులా వదిలేశారు, ఎత్తి చూడ్డానికి వీలుగా.

కోడలు దాన్ని గోటితో మెల్లగా ఎత్తింది. ఒక్క దారం వేలాడటం లేదు. ఒక్క ముడి కనబడటం లేదు. తొమ్మిది చుక్కలూ ఇటువైపు కూడా అంతే తెల్లగా, అంతే గుండ్రంగా ఉన్నాయి.

"ఏవండీ!" అని కేకేసింది. "ఇలా రండి, త్వరగా! వచ్చి దీని వెనక చూడండి!"